బ్రిస్బేన్ దగ్గర ఆగిపోయిన ఓడ చరిత్ర

మొన్న శనివారం మా అమ్మాయి పాత సామాన్ల కొట్టులో ఒక ఇత్తడి తలుపు పిడి కొనుక్కొచ్చి, వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి, దాని చిలుము వదలగొట్టడానికి పాలిష్ డబ్బా మూత తీసింది. సిడ్నీ శివార్లలో మేముండే ద పాండ్స్‌లో ఇత్తడి అన్నది కంటికి కనబడదు. ఇళ్ళన్నీ నిన్నగాక మొన్న కట్టినవి, పిడులన్నీ స్టీలువి, కుళాయిలన్నీ స్టీలువి. నేను పప్పులోకి పోపు వేస్తున్నాను. ఇంగువ ఘాటునీ వెల్లుల్లి ఘాటునీ తోసుకుంటూ ఆ పాలిష్ వాసన, కాస్త కిరసనాయిలూ కాస్త సుద్దా కాస్త పాత గుడ్డపీలికా కలిసిన వాసన, ముక్కుకి తగిలేసరికి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "మమ్, యువర్ పోపు ఈజ్ బర్నింగ్" అంది మా అమ్మాయి. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఆ పోపు పారేసి మళ్ళీ వేశాను.

చిన్నతనాన్ని తలుచుకుని కళ్ళు తుడుచుకునే రకాన్ని కాను నేను. నలుగురు చేరి ఆ రోజులే వేరు అని మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. నా ఆ రోజులు ఏమంత గొప్పవి కావు. అయినా ఆ వాసన ఎప్పుడు తగిలినా నన్ను ఒక గదిలోకి తీసుకుపోతుంది. ఆ గదిలో ఒక ముసలాయన ఉంటాడు, ఆయన పనిచేసిన ఒక యుద్ధనౌక చరిత్ర ఉంటుంది, నాకు పదేళ్ళ వయసులో ఆ ఇద్దరికీ నేను చేసిన ఒక పని ఉంటుంది. ఓడని కూడా కలిపి ఇద్దరు అంటున్నాను, ఎందుకంటే ఆయన దాన్ని మనిషిగానే చూసేవాడు.

ఎనభైల ఆఖర్న మేం నరసాపురం నుంచి ఆస్ట్రేలియా వచ్చాం. అమ్మ అక్కడ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆవిడకి సిడ్నీకి దక్షిణంగా అడవి అంచున ఉన్న హెలెన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో, యుద్ధాల్లో పనిచేసిన ముసలివాళ్ళుండే ఒక ఆశ్రమంలో ఉద్యోగం దొరికింది. ఆశ్రమం వెనకే రెండు గదుల క్వార్టర్సు. నాన్న కొండ దిగి సముద్రం ఒడ్డున ఉన్న స్టీలు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. ఆయన షిఫ్టులు ఎలా ఉండేవంటే, వారంలో సగం రోజులు ఆయన చెప్పులు చూసి ఇంట్లో ఉన్నాడో లేడో తెలుసుకునేదాన్ని. ఊరంటే ఒక వీధి, ఒక బొగ్గు గని, ఒక రైలు స్టేషను, ఆ తరవాత ఎటు చూసినా యూకలిప్టస్ చెట్లు. చలికాలంలో సముద్రం మీది నుంచి మంచు కొండెక్కి వచ్చి మధ్యాహ్నం దాకా వీధి దీపాల్ని ఆర్పనిచ్చేది కాదు. ఎండాకాలంలో కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరిచేవి, ఎక్కడో అడవి తగలబడితే ఆ బూడిద రేకులు రేకులుగా ఎగిరొచ్చి అమ్మ ఆరేసిన చీరల మీద వాలేది. ఆ ఊళ్ళో అప్పటికి తెలుగు మాట్లాడేవాళ్ళం మేం ముగ్గురమే.

అలా అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఊరవతల వెంకటేశ్వరస్వామి గుడి ఉంది కదా, ఆదివారం వచ్చేసరికి సిడ్నీ నుంచి కార్ల మీద కార్లు మా ఇంటి ముందు నుంచే వెళ్ళేవి. కిటికీ అద్దాల వెనక పట్టుచీరలు, మల్లెపూలు దొరక్క పెట్టుకున్న ప్లాస్టిక్ పూలు, వెనక సీట్లో నా ఈడు పిల్లలు. నేను గేటు మీద గడ్డం ఆనించుకుని లెక్కపెట్టేదాన్ని. ఒకసారి ఒక కారు ఆగి, ఒకావిడ ఇంగ్లీషులో గుడికి దారి అడిగితే నేను తెలుగులో చెప్పాను. ఆవిడ ముఖం చేటంత అయింది.

"అయ్యో, మన తెలుగమ్మాయా. నువ్వు రావడం లేదా గుడికి?"

"మేం క్రిస్టియన్సండి."

"అలాగా తల్లీ" అని ఆవిడ ఏమీ అనుకోకుండా నవ్వింది. తిరిగి వెళ్ళేటప్పుడు కారాపి మరీ నా చేతిలో ఒక పులిహోర పొట్లం పెట్టింది. ప్రసాదం కాబట్టి అమ్మ నన్ను తిననివ్వలేదు, అలాగని అన్నం పారేయడానికి ఆవిడకి మనసొప్పలేదు. ఆ పొట్లం సాయంత్రం దాకా గట్టు మీదే ఉండిపోయింది. నాన్న షిఫ్టు దిగి వచ్చి, ఎవర్నీ ఏమీ అడక్కుండా, నిలబడే తినేశాడు. ఆ కారు మళ్ళీ వస్తుందని నేను చాలా ఆదివారాలు చూశాను.

మా ఆరాధన వేరే. నెలకొకసారి బ్లాక్‌టౌన్‌లో ఉండే దేవదానం అంకుల్ ఇంట్లో నాలుగైదు తెలుగు క్రైస్తవ కుటుంబాలు చేరి పాటలు పాడుకునేవి. దేవదానం అంకుల్‌ది పాలకొల్లు, రైల్వేలో ఉద్యోగం, మా చిన్న సంఘానికి ఆయనే పెద్ద. ఆ ఒక్క ఆదివారం కోసం నేను నెలంతా బతికేదాన్ని. మిగతా రోజుల్లో స్టాన్‌వెల్ పార్క్ బీచిలో ఏరుకొచ్చిన గవ్వల్లాంటి చిప్పలూ, యూకలిప్టస్ కాయలూ పెట్టుకుని అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి అష్టాచమ్మా ఆడేదాన్ని. నలుగురు ఆడాల్సిన ఆట, నాలుగు వైపులా నేనే తిరిగి కూర్చుంటూ నాలుగు చేతులూ నేనే వేసేదాన్ని. ఒక పక్క నేను గెలుస్తుంటే మిగతా మూడు పక్కలా నాకే ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు చెప్తుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు నవ్వేమీ రాలేదు, ఏడుపొచ్చేది.

బళ్ళో నా చేతిరాత చూసి పిల్లలు నవ్వేవాళ్ళు. నరసాపురం కాన్వెంటు సిస్టర్లు నాలుగు గీతల పుస్తకంలో స్కేలు చూపించి నేర్పిన కలిపిరాత అది, గుండ్రంగా, ఒక్క పక్కకే ఒరిగి, చివర్లు మెలితిరిగి ఉండేది. ముత్తాతలు రాసే రాత అనేవాళ్ళు. బడయ్యాక అమ్మ డ్యూటీ ముగిసే దాకా ఇంట్లో ఒక్కదాన్నే ఉండకూడదని ఆశ్రమం వసారాలో కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. ఉడికిన క్యాబేజీ వాసనా, ఫినాయిలు వాసనా, హాల్లోంచి ఎప్పుడూ అయిపోని క్రికెట్టు కామెంటరీ. అక్కడే ఒక మధ్యాహ్నం, తెరిచి ఉన్న గదిలోంచి పాలిష్ వాసనతో పాటు ఒక గొంతు, ఆ రాత నీకెవరు నేర్పారు అని అడిగింది.

ఆయన పేరు లెస్. ఇక్కడి పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవచ్చని ఎంత చెప్పినా నాకు నోరు రాక లెస్ అంకుల్ అనేదాన్ని. డెబ్బై దాటిన మనిషి, పొడుగు, పెళ్ళాంపిల్లల్లేరు, క్వీన్స్‌లాండ్‌లో ఒక మేనల్లుడు మాత్రం ఉన్నాడనేవారు. కుడిచెయ్యి వణికేది. ఆ వణికే చేత్తోనే రోజూ మూడింటికి టీ తాగాక ఒక చిన్న ఇత్తడి పలకని పీలికతో తోముతూ కూర్చునేవాడు. ఆయన ఓడలో ఏదో తలుపుకి కొట్టి ఉండే నంబరు పలక అది. ఓడ మునగక ముందు ఎప్పుడో మరమ్మతుల్లో ఊడితే జేబులో వేసుకున్నాడట.

ఆ ఓడ పేరు నేనిక్కడ రాయను. పెద్ద క్రూయిజర్, మూడు పొడుగాటి పొగగొట్టాలు, జంటలు జంటలుగా ఎనిమిది పెద్ద ఫిరంగులు. బ్రిటన్‌లో ఒక నది ఒడ్డున కట్టించి తెచ్చుకున్నారు. యుద్ధంలో సోలమన్ దీవుల దగ్గర ఒక ఆగస్టు రాత్రి శత్రువు దెబ్బకి కదల్లేకుండా పోయింది, తెల్లారాక, ఇక లాభం లేదని, మన పక్షం వాళ్ళే దాన్ని ముంచేశారు. ఆశ్రమంలో అందరికీ ఈ సంగతి తెలుసు. లెస్ అంకుల్ ఆ రాత్రి బతికి బయటపడ్డవాళ్ళలో ఒకడని కూడా తెలుసు. ఏప్రిల్‌లో యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే ఆన్‌జాక్ డే నాడు ఊళ్ళో స్మారకం దగ్గర పూలు పెట్టేటప్పుడు ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకెళ్ళి అందరికన్నా ముందు వరసలో పెట్టేవాళ్ళు. కొలిన్ అని సైన్యంలో పనిచేసిన ముసలాయన ఒకడుండేవాడు, ఎవర్నీ లెక్కచెయ్యని మనిషి, ఆయన కూడా లెస్ అంకుల్ ఎదురైతే రెండు వేళ్ళు నుదుటికి ఆనించేవాడు.

ఆ ఓడ చరిత్ర మొత్తం, అది నీళ్ళలో దిగిన రోజు నుంచీ, లెస్ అంకుల్ కాగితం ముక్కల మీద రాసి ఒక చెప్పుల పెట్టె నిండా పెట్టుకున్నాడు. వణుకు వల్ల అది ఆయనకే చదవరాకుండా ఉండేది. నీలి అట్ట పుస్తకం ఒకటి తెప్పించి, నీ రాతతో దీన్లోకి ఎక్కించి పెడతావా అని అడిగాడు. బళ్ళో నవ్వే రాతని ఒకరు కావాలని అడగడం, అదీ ఆస్ట్రేలియాలో, నాకు నమ్మబుద్ధి కాలేదు. మర్నాటి నుంచి రోజూ మూడున్నరకి ఆయన బల్ల దగ్గర నా కుర్చీ సిద్ధంగా ఉండేది, రెండు అల్లం బిస్కట్లు కూడా.

పని ఎలాగంటే, ఆయన ముక్క తీసి నెమ్మదిగా చదివేవాడు, తెలియని మాటకి అర్థం చెప్పేవాడు, నేను రాసేదాన్ని. తప్పు పోతే రబ్బరు పెట్టకూడదు. ఓడ పుస్తకాల్లో చెరపడం నేరమట. ఒక్క గీత గీసి పక్కన పొడి అక్షరాలు వెయ్యాలి. నా ఇంగ్లీషు అంతా ఆ పుస్తకంలోనే నేర్చుకున్నాను, కాబట్టి నాకు స్నేహితులు, పుట్టినరోజులు లాంటి మాటల కన్నా ముందు లంగరు, బాయిలరు, కాన్వాయ్ వచ్చేశాయి. బళ్ళో ఒకసారి టీచరు సెలవుల్లో ఏం చేశావని అడిగితే కొలంబోలో చమురు నింపుకున్నాం అని రాశాను.

ఆయన స్టోకరు. అంటే ఓడ అడుగున బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. అందుకని ఆయన రాసిన చరిత్రలో సముద్రం చాలా తక్కువ, వేడి చాలా ఎక్కువ. సైనికుల్ని మోసుకుపోయే ఓడలకి కాపలాగా, వాటిలో అన్నిటికన్నా నెమ్మదైన ఓడ వేగంతో, హిందూ మహాసముద్రం మీద వారాల తరబడి వెళ్ళడం. ఎక్కడో శత్రువు ఓడ కనబడిందని కబురొస్తే ఉన్న ఆవిరంతా పెట్టి పరుగెత్తడం, తీరా వెళితే అక్కడ ఎవరూ లేకపోవడం. పైన ఏం జరుగుతోందో కింద ఉన్నవాళ్ళకి గంటల మోతని బట్టే తెలిసేది. క్రిస్మస్ నాడు పుడ్డింగు తింటుంటే చెమట గిన్నెలో పడేదని రాశాడు. గుడ్డ ఉయ్యాలల్లో ఒకడి పాదాలు ఇంకొకడి ముక్కుకి తగిలేలా పడుకునేవాళ్ళట, ఎవడు కలలో ఏ అమ్మాయి పేరు అంటాడో అందరికీ కంఠతా వచ్చట. అంతమంది మధ్య పడుకోవడం నాకెంత బాగుంటుందో అనుకునేదాన్ని.

కొలంబో పేజీలు రాస్తున్న రోజున నాకొక ఆశ పుట్టింది. అట్లాసు తెచ్చి, మా నరసాపురం కనబడిందా అని అడిగాను. ఆయన అద్దం పెట్టి వెతికాడు, అట్లాసులో మా ఊరు లేదు. గోదావరి సముద్రంలో కలిసే చోటు వేలితో చూపించాను. తాను కిందే ఉన్నాననీ, ఏ ఊరూ చూడలేదనీ చెప్పాడు. నా ముఖం ఎలా అయిందో నాకు తెలియదు. మర్నాడు వెళ్ళేసరికి ముక్క కాగితం మీద పెన్సిలుతో, వణుకుతూ, ఒక కొత్త వాక్యం రాసి ఉంది: ఓడ ఈ రోజుల్లో నరసాపురం అనే ఊరికి రెండు రోజుల ప్రయాణ దూరంలో ఉండెను. అది ఎక్కించమన్నాడు. నేను నాకు చేతనైనంత గుండ్రంగా ఎక్కించాను.

అలా చలికాలం వచ్చింది. పుస్తకం ముప్పాతిక నిండింది. ఓడ జపాన్ వాళ్ళతో యుద్ధంలోకి దిగి, పగడపు సముద్రంలో గస్తీ తిరిగి, బ్రిస్బేన్ చేరింది. చెప్పుల పెట్టెలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. ఇంకో కాగితం లేదు.

తరవాత ఏమైంది అని అడిగాను. ఆయన పలక తోముతూనే ఉన్నాడు. పీలిక కింద పెట్టి తలుపు వెయ్యమన్నాడు.

బ్రిస్బేన్‌లో ఆయనకి గవదబిళ్ళలు వచ్చాయి. పాతికేళ్ళైనా లేని మనిషి, రెండు దవడలూ గుమ్మడికాయల్లా వాచిపోయాయి, ఓడలో అందరికీ అంటుకుంటాయని దింపేసి ఆసుపత్రికి పంపారు. ఆయన మెట్లు దిగుతుంటే ఆయన స్థానంలో ఇంకో స్టోకరు మూట భుజాన వేసుకుని ఎక్కుతున్నాడు. ఫ్రాంక్ అని. ఈయన దవడలు చూసి ఫ్రాంక్ ఏదో హాస్యమాడితే ఈయనకి నవ్వడానికి కూడా నొప్పేసిందట. అంతే వాళ్ళిద్దరి పరిచయం. ఆగస్టులో ఆ రాత్రి దెబ్బ తగిలింది బాయిలర్లకే. ఆ చోట ఉన్నవాళ్ళలో ఎవరూ పైకి రాలేదు. అప్పటికి ఈయన జ్వరం తగ్గి ఆసుపత్రి తోటలో తిరుగుతున్నాడు. తానెప్పుడూ అబద్ధమాడలేదనీ, ఆ ఓడలో పనిచేశానని మాత్రమే చెప్పాననీ, మిగతాది వాళ్ళే అనుకున్నారనీ, అనుకున్నప్పుడు కాదని చెప్పలేకపోయాననీ అన్నాడు. ఓడతో పాటు ఉండాల్సిన రాత్రి లేనివాడికి ఆ రాత్రి గురించి రాసే హక్కు లేదన్నాడు. ఈ మాట ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పనన్నాను. నిజంగానే చెప్పకూడదనుకున్నాను.

ఇప్పుడు మా ఇళ్ళల్లో పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి సాయంత్రం అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన ఉండేది. ప్రార్థన చేసే ముందు అందరూ తలా ఒక ప్రార్థన అంశం చెప్పాలి. ఎవరికి జ్వరం, ఎవరికి ఉద్యోగం, ఎవరి కూతురి సంబంధం. అది మనుషులకి చెప్పడం కాదు, దేవుడికి చెప్పడం, మధ్యలో మనుషులు వింటారంతే. నా అంశం మామూలుగా లెక్కల పరీక్ష. ఆ సాయంత్రం అమ్మ నా వంతు రాగానే కళ్ళు మూసుకుని ఎదురుచూస్తుంటే నా గుండెలో ఉన్నది లెక్కల పరీక్ష కాదు.

"లెస్ అంకుల్ కోసం" అన్నాను. "ఆయన చాలా బాధపడుతున్నారు."

"ఏంటంట ఆయనకి? ఒంట్లో బాగోలేదా?"

దేవుడికే కదా చెప్తున్నది అనుకుని మొత్తం చెప్పేశాను.

అమ్మ కళ్ళు తెరిచేసరికి నీళ్ళున్నాయి. "ఎంత గొప్ప కార్యం చేసేడు చూడండి దేవుడు" అంది నాన్నతో. "అందరూ పోతే ఈయన్ని ఒక్కణ్ణీ గవదబిళ్ళలు పెట్టి మరీ తప్పించేడు. ఆయనకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, పాపం."

అమ్మది చెడ్డ మనసు కాదు. ఆవిడ పుట్టి పెరిగిన లోకంలో చావు తప్పిన మనిషి నలుగుర్నీ పిలిచి, లేచి నిలబడి, దేవుడు నన్నిలా తప్పించాడని సాక్ష్యం చెప్తాడు. ఉప్పెనలో కొబ్బరిచెట్టు పట్టుకుని బతికిన మా పెదనాన్న ఏటేటా చెప్పేవాడు, మేం పలావు తిని వచ్చేవాళ్ళం. బతికినందుకు సిగ్గుపడతారని మాకెవరికీ తెలియదు. అమ్మ ఆ అంశాన్ని ఫోనులో దేవదానం అంకుల్‌కి చెప్పింది, ఆయన నెలవారీ ఆరాధనలో పెట్టాడు, అక్కడ అందరూ కలిసి ఆ ముసలాయన కోసం కృతజ్ఞత కూడిక జరపాలని తీర్మానించారు. అమ్మ ఆశ్రమం పెద్దావిణ్ణి, మావాళ్ళు వచ్చి పెద్దవాళ్ళకి నాలుగు పాటలు పాడతారని మాత్రం చెప్పింది. నేను లెస్ అంకుల్‌కి, మావాళ్ళొస్తున్నారు, మీరు మంచి బట్టలు వేసుకోవాలి అని చెప్పాను. ఇంకేం చెప్పలేదు. ఆయనకి అది ఒక బహుమతి అవుతుందనుకున్నాను.

కూడిక అనుకున్న శనివారం మధ్యాహ్నం సిడ్నీ వైపు నుంచి నాలుగు కార్లు వచ్చి, గుడి వైపు పోకుండా, మా గేటు ముందు ఆగాయి. ఆ రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పకపోతే అబద్ధమవుతుంది. పిల్లలు దిగారు, ఆంటీలు దిగారు, డోలక్కూ తాళాలూ దిగాయి, తువ్వాళ్ళు చుట్టిన చికెన్ పలావు డేగిసా, పెరుగుచట్నీ, క్రిస్మస్‌కి చేసే గులాబీ పువ్వులు కూడా డబ్బా నిండా. పిల్లలకి ఆశ్రమమంతా నేనే చూపించాను, నా ఊరు నాకు మొదటిసారి నాదనిపించింది. హాల్లో ముసలివాళ్ళు మోకాళ్ళ మీద దుప్పట్లు కప్పుకుని వరసగా కూర్చున్నారు. లెస్ అంకుల్ నేవీ కోటు వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, నన్ను చూసి కన్నుకొట్టాడు.

మూడు పాటలయ్యాక దేవదానం అంకుల్ లేచి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. చక్కగానే మాట్లాడాడు. మహా ఓడ గురించి చెప్పాడు, దాని మీద ఉన్న వందల మంది గురించి చెప్పాడు, తరవాత లెస్ అంకుల్ వైపు చెయ్యి చాపి, దేవుడు ఈ సహోదరుణ్ణి బ్రిస్బేన్‌లోనే గవదబిళ్ళలతో ఓడలోంచి దింపాడు, ఆ రాత్రి ఈయన అక్కడ లేడు, అందుకు స్తోత్రం అన్నాడు. మావాళ్ళంతా స్తోత్రం అన్నారు. కొలిన్ తన చెవి మిషన్ సర్దుకుని, పక్కనున్న నర్సుని ఏమన్నాడని అడిగాడు. ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది, తల తిప్పి లెస్ అంకుల్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"సహోదరుడు సాక్ష్యం చెప్తారు" అన్నాడు దేవదానం అంకుల్.

లెస్ అంకుల్ కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది, ఎవరూ సాయం వెళ్ళలేదు. నా వైపు చూడలేదు. తన బదులు వెళ్ళినవాడి పేరు ఫ్రాంక్ అన్నాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. పంతొమ్మిదేళ్ళు అన్నాడు. అలాగే నిలబడ్డాడు.

సాక్ష్యం అయిపోయిందనుకుని మావాళ్ళు, మా పద్ధతి ప్రకారం, ఆమెన్ అని గట్టిగా అన్నారు. డోలక్ మొదలైంది.

ఆయన నడిచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ముసలివాళ్ళు మర్యాదకి పలావు తిని కారమని దగ్గారు. కొలిన్ తన పళ్ళెం ముట్టుకోలేదు. కార్లు వెళ్ళిపోయాక అమ్మ డేగిసా తోముతూ, "కొత్త కదా, సిగ్గుపడేడు, సర్దుకుంటాడులే" అంది, కానీ ఆవిడ గొంతులో ముందటి నమ్మకం లేదు. సోమవారం మూడున్నరకి నేను ఆ గది ముందు నిలబడ్డాను. తలుపు ఓరగా ఉంది. నా కుర్చీ లోపల గోడ వైపు తిప్పి ఉంది. ఇందులో నీ తప్పేం లేదమ్మా, ఇవాళ మాత్రం నన్ను ఒక్కణ్ణే ఉండనీ అన్నాడు, చాలా మెత్తగా. తిడితే బాగుండేది. మర్నాడు తలుపు మూసి ఉంది, ఆ మర్నాడూ మూసే ఉంది, అది దాటి నేను వెళ్ళలేదు.

తరవాతి ఏప్రిల్‌లో స్మారకం దగ్గర ఆయన్ని ఎవరూ వద్దనలేదు. ఆయన కుర్చీ తొయ్యడానికి ఎవరూ రాలేదు, అంతే. వసారాలో నేను అష్టాచమ్మా గళ్ళు గీసుకుంటుంటే కిటికీ పరదా వెనక ఆయన నీడ కనబడేది. ఒక గుమ్మానికి ఇవతల ఒకరం, అవతల ఒకరం, ఇద్దరికీ మాట్లాడే మనిషి లేదు, ఏడాదిన్నర అలాగే గడిచింది. తరవాత నాన్న బ్లాక్‌టౌన్‌లో ఇల్లు తీసుకున్నాడు. అక్కడ తెలుగు పిల్లలు బోలెడుమంది, నాకు ఒంటరితనం తీరిపోయింది. ఆయన పోయినట్టు అమ్మకి ఒక పాత నర్సు ఫోనులో చెప్పింది. నీలి పుస్తకం మేనల్లుడు పట్టుకుపోయాడో, ఎవరైనా పారేశారో తెలియదు.

కిందటేడు హెలెన్స్‌బర్గ్ వెళ్ళాను. ఆశ్రమం ఉన్న చోట ఇప్పుడు జంట ఇళ్ళు కట్టారు, క్వార్టర్సు ఆనవాలు కూడా లేదు. గుడి వైపు కార్లు మాత్రం అప్పటి కన్నా పదింతలున్నాయి. ఆ ఓడ మీద నుంచి బతికొచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారో లేరో నాకు తెలియదు. ఓడ చరిత్ర ఇప్పుడు కంప్యూటర్లో ఎవరైనా చదువుకోవచ్చు, నీళ్ళలో దిగిన రోజు నుంచి మునిగిన ఉదయం దాకా ఉంది, చనిపోయినవాళ్ళ జాబితాలో ఫ్రాంక్ ఉన్నాడు. గవదబిళ్ళలతో దిగిపోయిన స్టోకరు ఊసు అందులో లేదు.

ఆ కూడిక జరిగిన శనివారం రాత్రి నేను ఏడుస్తుంటే అమ్మ, మాట ఇచ్చి తప్పావు కాబట్టి క్షమించమని అడుగు అంది. మా ఇంట్లో అడగడమంటే మోకాళ్ళ మీద అడగడమే. అడిగాను. బ్లాక్‌టౌన్ వెళ్ళే దాకా ప్రతి సాయంత్రం, ఒక్క రోజు కూడా మానకుండా, కళ్ళు గట్టిగా మూసుకుని దేవుణ్ణి అడిగాను. ఆయన ఎప్పుడో క్షమించే ఉంటాడు, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. లెస్ అంకుల్ గది మా గుమ్మానికి ముప్పై అడుగుల దూరంలో ఉండేది. ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు.